గోడలోని ఫ్రిజ్

"ఇది నాలుగోసారి కాశమ్మా. రేపటి సంది పనికి రాకు," అంది వరమ్మ.

ఫ్రిజ్ తలుపు బెత్తెడు తెరిచి ఉంది. కింద నీళ్లు మడుగు కట్టాయి. వారం రోజులుగా వెన్న కోసం దాచిన మీగడ కాస్తా వాసన కొడుతోంది. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో అంట్లు తోమి, కూరగాయలు తరుగుతున్న కాశమ్మ చేతిలో తడిగుడ్డతో అట్లాగే నిలబడిపోయింది.

"నా పిల్లల మీద ఒట్టమ్మా, నేను తియ్యలే. ఈ వయసుల నన్ను వెళ్లగొడితే ఏ గడప తొక్కాలె?"

మరి ఎవరు తీసినట్టు? భర్త పురుషోత్తం పొద్దున్నే అఫ్జల్‌గంజ్‌లోని దుకాణానికి పోతే దీపాలవేళకు గానీ రాడు. పిల్లలు బడికి పోతారు. ఇక మిగిలింది అత్తగారు నాగమణమ్మ. ఆవిడను అనుమానించడమంటే గుళ్లో దేవుణ్ని అనుమానించినట్టే. ఆవిడ మడి అలాంటిది. ఫ్రిజ్‌ను ఆవిడ 'ఎంగిళ్ల పెట్టె' అంటుంది. కొన్ననాడే అది వంటింటి గడప దాటడానికి వీల్లేదని తేల్చి చెప్పింది. అందుకే పురుషోత్తం నడిమింటి గోడ తొలిపించి, చుట్టూ టేకు చట్రం కట్టించి, వెనుక గాలి ఆడటానికి కిరాయి వాటా వైపు జాలీ పెట్టించి, దాన్ని అందులో బిగించాడు. ఈ మూడేళ్లలో ఆవిడ దాని నీళ్లు గుక్కెడు తాగలేదు. చీర కొంగు తగిలినా మళ్లీ తలస్నానమే.

వరమ్మకు కోపం వచ్చినంత తొందరగానే అనుమానమూ వస్తుంది. కాశమ్మ నోట ఇన్నేళ్లలో అబద్ధం విన్న గుర్తు లేదు. పైగా ఏ సంగతైనా అంతు తేల్చుకోనిదే వరమ్మకు అన్నం సయించదు. రెండు రోజులు ఆగి చూద్దామని కాశమ్మకు చెప్పి, పురానాపూల్ నుంచి మెకానిక్ వైకుంఠాన్ని పిలిపించింది.

వైకుంఠం ఫ్రిజ్‌ను చట్రంలోంచి ఇవతలికి లాగి, వెనుక తీగలకు పట్టిన దుమ్మంతా బ్రష్షుతో దులిపాడు. మంచు గడ్డ కట్టిన పై అరను కరిగించి తుడిచాడు. పేపరు ముక్క ఒకటి తలుపు సందులో పెట్టి మూసి, బయటికి గుంజాడు. ఊడి రాలేదు. రబ్బరు గట్టిగానే ఉందన్నమాట. చివరికి ముందు కాళ్లను ఒక పిసరు ఎత్తు చేసి, తలుపు వదిలితే దానంతటదే పడేటట్టు సరిచేశాడు.

"అమ్మా, ఇగ ఇది గాలికి తెరుచుకునుడు ఉండదు. గీ చలికి మోటార్ గిన్ని గంటలు తిరిగే పని లేదు. ఎవరో కావాలని తెరిచి పెడ్తున్నరు," అని సామాను సర్దుకుని పోయాడు.

కాశమ్మ ముఖం మాడిపోయింది. మర్నాడు మధ్యాహ్నం వరమ్మ ఆమెను వాకిట్లో తన ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నారు. నీళ్లు తాగడానికి కూడా ఆమెను లేవనివ్వలేదు, తనే తెచ్చిచ్చింది. గంట గడిచేసరికి లోపల మోటారు ఆగకుండా గుర్రుమంటోందని చెవిన పడింది. ఇద్దరూ లోపలికి ఉరికారు. తలుపు బెత్తెడు తెరిచి ఉంది. దానంతటదే పడకుండా సందులో గుడ్డ ఒకటి మడతపెట్టి కుక్కి ఉంది.

కాశమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. వరమ్మకు సిగ్గేసింది. అన్న మాటలు మనసులో పెట్టుకోవద్దని ఆమె భుజం పట్టుకుని చెప్పింది. అప్పటిదాకా ఉన్నది కోపం. ఇప్పుడది పోయి కుతూహలం పట్టుకుంది. వస్తువు ఒక్కటీ పోలేదు. పాలు, పెరుగు, పళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏమీ తీసుకోని దొంగకు తలుపుతో ఏం పని?

మూడోనాడు బేగంబజార్‌కు పోయి వస్తానని అత్తగారికి వినపడేటట్టు చెప్పి, వీధి తలుపు ధడాలున వేసి, పక్క సందులోంచి చప్పుడు కాకుండా తిరిగి వచ్చింది. బియ్యం బస్తాల గది తలుపు చాటున నిలబడింది. ఒక చీమ కాలి మీదికి ఎక్కినా కదల్లేదు.

కాసేపటికి అడుగుల చప్పుడైంది. వచ్చింది నాగమణమ్మ. తడి ఆరని మడిచీర, చేతిలో జపమాల. అటూ ఇటూ చూసి, మూడేళ్లుగా ముట్టని ఆ ఎంగిళ్ల పెట్టె పిడి పట్టుకుని గుంజింది. చంకలోని గుడ్డ తీసి సందులో కుక్కింది.

"అత్తమ్మా, మీరా?"

నాగమణమ్మ ఉలిక్కిపడింది గానీ పారిపోలేదు. వరమ్మ గబగబా వచ్చి తలుపు మూయబోయింది. అత్తగారు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. స్నానం చేసి మడి కట్టాక ఆవిడ కోడల్ని తాకడం ఇదే మొదటిసారి.

"కాశమ్మను ఏమనకు బిడ్డా, తప్పు నాది. నీతోని ఇయ్యాల చెప్దామనే అనుకున్న. నోరు రాలే. ఇన్నేండ్లు దీన్ని అంటుకోనని లొల్లి చేసినదాన్ని, ఏ ముఖం పెట్టుకొని చెప్పాలె?"

"గానీ ఎందుకు అత్తమ్మా? మీకేం కావాలె ఇందుల?"

నాగమణమ్మ గోడకు చెవి ఆనించి, అవతలి చప్పుడు ఒక్క క్షణం విని, గొంతు తగ్గించింది.

"మోటార్ ఆగనియ్యకు. దాని వేడిగాలి వెనుక జాలీలకెల్లి అవతలి వాటాలకు పోతది. మనింట్ల కిరాయికున్న శివయ్య కోడలు ఏడో నెలల్నే బిడ్డను కన్నది, ఎచ్చగ ఉంటేనే బతుకుతదని దవాఖానల చెప్పిన్రంట. దాని ఉయ్యాల నేనే ఆ జాలీకి ఆనిచ్చి కట్టిచ్చిన."