ఇద్దరి ఇల్లు

“ముందు మీ పక్క గోడ పూయాలంటే ఓనరు చెప్పాలప్పా,” అన్నాడు మేస్త్రీ బాషా.

“నేనూ ఓనరే,” అన్నాడు ఉదయ్. హిందూపురంలోని ఆ ఇంటిని అతడూ, స్నేహితుడు తిప్పేస్వామీ చెరి సగం వేసుకుని కొన్నారు.

“మీరు బాడుగకుండారని తిప్పేస్వామన్నే చెప్పినాడే!”

అప్పుడే వచ్చిన తిప్పేస్వామి నవ్వాడు. “ఇద్దరు ఓనర్లంటే మేస్త్రీలు ఎవరి మాటా వినర్రా. అందుకే అట్ల చెప్పినా.”

ఉదయ్‌కూ నవ్వొచ్చింది.

తిప్పేస్వామి భార్య అనసూయమ్మ టీ తెచ్చింది. “మీ గోడా పూస్తారులేన్నా. మీ మాదిరి ఒకటో తేదీకే బాడుగ ఇచ్చేటోళ్లు మాకు యాడ దొరుకుతారు?”

ఒకటో తేదీన ఉదయ్ ఇస్తున్నది మరమ్మతుల ఖర్చులో తన సగం. అతడు స్నేహితుడి వైపు చూశాడు.

తిప్పేస్వామి మేస్త్రీ వైపు తిరిగాడు. “కానియ్యప్పా, సిమెంటు గట్టిపడతాండాది.”