అప్పగింతల పాటకు అర్థం

ఒప్పుకుంటున్నాను, ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో నేను చాలా అబద్ధాలు చెప్పాను. కానీ ఆ రోజు మహబూబాబాద్ ఫంక్షన్ హాల్లో, నాలుగో వరసలో కూర్చుని కమలాబాయి చెప్పినవాటి ముందు నావి ఎందుకూ పనికిరావు.

“అవ్వా, గా పిల్ల ఏం పాడుతున్నది?” అని అడిగాడు పక్క కుర్చీలో మనిషి.

మామూలు గళ్ల చొక్కా, చేతిలో చిన్న నోటుబుక్కు. కాళ్లకు మాత్రం పోలీసు బూట్లు. కమలాబాయి పొద్దున్నుంచీ ఆ బూట్లనే చూస్తోంది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. పాట, ఆట, సినిమా పండుగ అని కాలేజీ పిల్లలు పెట్టుకున్నారు. పొద్దున శాస్త్రీయ సంగీతం, మధ్యాహ్నం తండావాళ్ల ఆట, ఆ తర్వాత ఓ పాత సినిమా. ఉద్యమం పాట ఒక్కటి వినిపించినా కరెంటు తీసేస్తామని చెప్పి మరీ పోలీసులు పర్మిషన్ ఇచ్చారు. ఈయన అందుకే పాటలు రాసుకుంటున్నాడని అందరూ అనుకున్నారు.

కమలాబాయి భయం వేరు. రైల్‌రోకో కేసులో ఆమె కొడుకు ప్రేమ్‌సింగ్ కోసం పోలీసులు మూడు నెలలుగా వెతుకుతున్నారు. చెల్లెలు గీత ఆట చూడ్డానికి వస్తానని అతను కబురు పంపాడు. వద్దని చెప్పి పంపేలోపు వచ్చేశాడు కూడా. తలకు తువ్వాల చుట్టుకుని వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు.

స్టేజీ మీద నుంచి గీత అన్నను చూసింది. అమ్మ పక్కనున్న బూట్లనూ చూసింది. ఆట ఆపేసి, పక్క పిల్లను వాటేసుకుని అప్పగింతల పాట ఎత్తుకుంది. లంబాడీ పెళ్లిలో అత్తారింటికి పోయే పిల్ల ఒక్కొక్కరినీ పట్టుకుని ఏడుస్తూ పాడే పాట అది. దానికి మాటలు ముందే ఉండవు, ఎవరి దుఃఖం వాళ్లు అప్పటికప్పుడు అల్లుకోవాలి.

గీత తమ లంబాడీ భాషలోనే అల్లింది. అన్నా, లోపలికి రాకు. అమ్మ పక్కనున్నవాడు మనవాడు కాదు. మొగుళ్లపల్లిలో అత్త ఇంటికి పో.

తండావాళ్లు నిజంగానే ఏడ్చారు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు.

“పెండ్లిపాట బిడ్డా,” అంది కమలాబాయి. “ఇంట్ల బర్రెను ఇడిచిపెట్టి పోతున్ననని ఏడుస్తున్నది.”

అతను రాసుకున్నాడు. “గింత పొడుగు పాటల ఒక్క బర్రేనా?”

“దూడ గూడ ఉన్నది.”

దూడనూ రాసుకున్నాడు. మాటిమాటికీ భియా అంటోంది, ఆ భియా ఎవరని అడిగాడు. బర్రెను మేపేది అన్నే కదా అని చెప్పింది కమలాబాయి.

అతను మెల్లగా వెనక తలుపు వైపు తల తిప్పాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

“నా చెప్పు కనిపిస్తలేదు, జర చూడు బిడ్డా.”

అతను వంగి కుర్చీల కింద చాలాసేపే వెతికాడు. లేచి నడుం పట్టుకున్నాడు.

“రెండూ నీ కాళ్లకే ఉన్నయ్ గదవ్వా.”

అప్పటికి తలుపు దగ్గర ఎవరూ లేరు.

కాసేపటికి ఎస్సై వచ్చి, ఏం పాడారో చెప్పమన్నాడు. అతను నిలబడి నోటుబుక్కు తెరిచి బర్రె, దూడ, మేపే అన్న అని వరసగా చదివాడు. ఎస్సై అనుమానంగా కమలాబాయి వైపు చూశాడు.

“గంతేనా?”

“గంతే సారూ. అవ్వనే చెప్పింది,” అన్నాడతను.

ఎస్సై విసుక్కుంటూ చాయ్‌కి వెళ్లిపోయాడు. లైట్లు ఆరి సినిమా మొదలైంది. కమలాబాయి అప్పుడు ఊపిరి పీల్చుకుంది. ఇంత మొద్దు పోలీసును పక్కన కూర్చోబెట్టినందుకు దేవుడికి మనసులోనే దండం పెట్టుకుంది.

అతను నోటుబుక్కు జేబులో పెట్టుకుని ఆమె చెవి దగ్గరికి వంగాడు.

“మొగుళ్లపల్లి వద్దు, ఆడ గూడ మావోళ్లున్నరు,” అన్నాడు, లంబాడీలో.