వెనక గొంతు

ముసలాయన పలక పట్టుకుని స్టూడియో గుమ్మంలో మళ్లీ ప్రత్యక్షమయ్యాడు.

ఇది మూడోసారి.

"వదిలేలా లేడయ్యా బాబూ!" అని చీపురు తల పట్టుకున్నాడు.

చీపురు అంటే అక్కడి సౌండ్ ఇంజనీరు. పాత టేపుల్లోని దగ్గులు, కుర్చీల కిర్రులు, ఫ్యాన్ల హోరు ఊడ్చి అవతల పారేస్తాడని తోటివాళ్లు పెట్టిన పేరు. పైకి విసుక్కున్నా, లోలోపల అతనికి ఆ పేరంటే గర్వమే.

ఇప్పుడు అతని చేతిలో ఉన్నది మామూలు పని కాదు. నిరుడు కన్నుమూసిన సూఫీ గాయకుడి పాటలు. ఆయన పోయాక వస్తున్న మొదటి ఆల్బమ్, అదే చివరిది కూడా. కూర్చున్నచోటే పాట కట్టి పాడేవాడని, పాడిన పాట మళ్లీ పాడడని ఆయనకి పేరు. అలాంటి మనిషి, గొంతు నిక్షేపంలా ఉండగానే, పోవడానికి పన్నెండేళ్ల ముందే పాడటం మానేశాడు. ఎందుకో ఎవరికీ తెలియదు.

మిగిలినవి పదకొండు రీళ్లు. అటక మీద పడి ముక్కిపోయాయి. మిషన్ మీద ఒక్కసారి తిప్పితే చాలు, పైపూత పొడిపొడిగా రాలిపోతుంది. రెండోసారికి ఏమీ మిగలదు.

ఆ ఒక్కసారిలోనే చీపురు పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి దక్కించుకున్నాడు. ఇవాళ మధ్యాహ్నం గాయకుడి కూతురు వినడానికి వస్తోంది. ఆవిడ ఊ అంటేనే ఆల్బమ్ బయటికి వెళ్లేది.

ముసలాయన మొదటిసారి వచ్చినప్పుడే పలక మీద రాసి చూపించాడు. గొంతుకి ఆపరేషన్ అయిందట. మాట రాదట.

'ఆయన వెనక కూర్చుని మాట అందించేవాణ్ణి. రీళ్లలో నా గొంతుంటుంది. ఒక్కసారి వినిపిస్తావా బాబూ?'

"పనవ్వనివ్వు తాతా, చూద్దాం" అని పంపేశాడు చీపురు.

రెండోసారి వచ్చినప్పుడు కాస్త గట్టిగానే అన్నాడు. "కవరు మీద పేరు కావాలా? కంపెనీవాళ్లని అడుగు. నా చేతుల్లో లేదు."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. 'ఒక్కసారి' అన్న మాట కింద సుద్దతో గీత గీశాడు.

ఇవాళ ఇక నాన్చి లాభం లేదనుకున్నాడు చీపురు.

"చూడు తాతా. రీల్లో రెండు ట్రాకులున్నాయి. ఒకదాంట్లో ఆయన పాట. రెండోది వెనక పెట్టిన మైకుది. మొదటి రీల్లో ఒక్క నిమిషం విన్నాను. అన్నీ గుసగుసలూ, దగ్గులూ. అదెందుకులే అని ఆ నిమిషం చెరిపేసి, ఆ వైరు పీకేశాను."

ముసలాయన అతని మొహంలోకే చూస్తున్నాడు.

"అంటే... అది ఎక్కలేదు. ఇక ఎక్కదు కూడా. రీళ్లు రాలిపోయాయి."

తిడతాడనుకున్నాడు. కనీసం ఏడుస్తాడనుకున్నాడు.

ముసలాయన చొక్కా చేత్తో పలక తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. తర్వాత మెల్లగా రాశాడు.

'ఆయన గొంతు బాగా వచ్చిందా?'

"అద్దంలా వచ్చింది."

'చాలు.'

పలక చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

చీపురు మనసు కలుక్కుమంది. ఎప్పుడైనా మాట తడబడితే అందించేవాడికి ఇంత బెంగేమిటో అని తనకి తనే సర్దిచెప్పుకుని పనిలో పడ్డాడు.

మధ్యాహ్నం కూతురు వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని వింది. చెంపలు తడిశాయి. హమ్మయ్య అనుకున్నాడు చీపురు.

పాట సగంలో ఉండగా ఆమె కళ్లు తెరిచి, హెడ్‌ఫోన్స్ మెడ మీదికి జార్చింది.

"చరణానికీ చరణానికీ మధ్య ఇంత ఖాళీ ఏంటండీ?"

"ఆలోచించుకునేవారు కదమ్మా. అప్పటికప్పుడు కట్టడమంటే మాటలా?"

"ఎవరు, మా నాన్నా?" ఆమెకి నవ్వొచ్చింది. "మా బడికి సెలవు చీటీ రాయమంటేనే అమ్మ కోసం కేకేసేవారు. ఆ ఖాళీలోనే వెనక పెద్దాయన చరణం కట్టి చెవిలో వేసేవారు. నాన్న దాన్ని అందుకుని ఎత్తుకునేవారు. ఆ గొంతేదండీ?"

చీపురు పాట ఆపేశాడు.

"పాటలన్నీ... ఆయనవా?"

"ఒక్కటి మిగలకుండా. తన పేరు బయటికి రాకూడదని నాన్న చేత ఒట్టు వేయించుకున్నారు. మొన్న కవరు మీద వేస్తానంటే నా మీదా కోప్పడ్డారు. పలక మీద ఒకే ఒక్కటి రాశారు, నా గొంతు ఎలా ఉండేదో మర్చిపోయానమ్మా, ఒక్కసారి వినాలని ఉంది అని. మీ దగ్గరికి రాలేదా?"

చీపురు కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. వీధిలో ఎవరెవరో నడుస్తున్నారు. పలక ఉన్న మనిషి మాత్రం లేడు.

తిరిగొచ్చి మిషన్ పక్కన నిలబడ్డాడు. దాని కింద గోధుమరంగు పొడి ఇంకా అలాగే ఉంది. ఊడ్చి పారేద్దామని పొద్దుట్నుంచీ అనుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

"వచ్చారమ్మా" అన్నాడు. "మూడుసార్లు వచ్చారు. ఆ గొంతు... నేనే పోగొట్టాను."

ఆమె మిషన్ కింది పొడి వైపు చూసింది. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. ఆ చూపు భరించలేక నోటికొచ్చింది అడిగేశాడు.

"మరి నాన్నగారు పాడటం ఎందుకు మానేశారమ్మా?"

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది.

"డాక్టర్లు ఆ పెద్దాయన గొంతు తీసేసిన రోజే, నాన్న పాట ఆగిపోయిందండీ."