నానిన నీళ్లు

కూతురి సంబంధం చెడగొట్టడానికే హేరాన్ ఆ మధ్యాహ్నం హోటలుకు వచ్చింది.

ఎదురుగా కూర్చున్నది పెళ్లికొడుకు తల్లి పొక్‌సున్. దేగు నగరంలో ఆడవాళ్ల స్నానశాలలో ముప్పై ఏళ్లుగా ఒళ్లు రుద్దడమే ఆమె పని. అందరూ కలిసి దిగే వేడినీళ్ల తొట్టిలో నాని వచ్చినవాళ్లను బల్ల మీద పడుకోబెట్టి, గరుకు గుడ్డతో రుద్దుతుంది. మట్టి ఉండలు ఉండలుగా రాలుతుంది.

తడిలో నాని నాని ముడతలు పడ్డ ఆ వేళ్లే ఇప్పుడు చెంచా పట్టుకున్నాయి. ఆ చెంచా అందరికీ కలిపి పెట్టిన సోయా పులుసు గిన్నెలో మునిగింది. హేరాన్ తనకు వేరే గిన్నె తెమ్మని సర్వర్‌ని పిలిచింది. పెళ్లికూతురు సోజిన్ సిగ్గుతో తల దించుకుంది.

పొక్‌సున్ మాత్రం ఏమీ అనుకోలేదు. హేరాన్ ముఖాన్ని ముచ్చటగా చూస్తూ, "మావాడి మందు మీకు బాగా పడింది వదినగారూ," అంది.

అది నిజమే. పెళ్లికొడుకు గ్యుతే పనిచేసేది చర్మానికి సీరం తయారుచేసే ల్యాబ్‌లో. ఏడాదిగా నెలకో సీసా పంపుతున్నాడు. అందులో స్టెమ్ సెల్స్ అనే మూలకణాల సారం ఉందట. ఎండా పొగా తగిలి చర్మం తుప్పు పట్టకుండా కాపాడుతుందట. అరవైలో నలభైలా ఉన్నావని స్నేహితురాళ్లు కుళ్లుకుంటున్నారు. అల్లుడు వద్దు గానీ ఆ సీసా మాత్రం ఆమెకు కావాలి.

"ఓసారి మా స్నానశాలకు రండి. నా చేత్తో రుద్దుతాను," అంది పొక్‌సున్.

ఇక హేరాన్ ఆగలేదు. "ఊళ్లోవాళ్ల ఒళ్లు నానిన నీళ్లలో నేను దిగాలా? తలుచుకుంటేనే డోకొస్తోంది. ఉన్నమాట చెప్తున్నా, ఈ పెళ్లి జరగదు. మీ నెత్తురు మా ఇంట్లో కలవడం నాకు అసహ్యం."

వీధికుక్కను కూడా అంతకంటే మర్యాదగా అదిలిస్తారు. తల్లి పక్కనే కూర్చున్న గ్యుతే విసురుగా లేచాడు. ఆమె అతని చొక్కా పట్టి కూర్చోబెట్టింది. చెంచా కింద పెట్టి, మూతి తుడుచుకుంది.

"కలవడం ఎప్పుడో కలిసిపోయింది వదినగారూ."

హేరాన్ కూతురి పొట్ట వైపు చూసింది. సోజిన్ కంగారుగా, కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"పిల్లని చూడకండి, దానికేం తెలీదు," అంది పొక్‌సున్ నెమ్మదిగా. "రెండేళ్ల కిందట ఆపరేషన్‌లో నా పొట్టలోంచి తీసిన కొవ్వును మావాడు ల్యాబ్‌కి పట్టుకెళ్లి, అందులోని కణాలను నీళ్లలో వేసి పెంచాడు. మీరు రెండు పూటలా ముఖానికి పూసుకునేది, ఆ కణాలు నానిన నీళ్లే."