కావలివాడి మీట

పొద్దున కోల్‌కతా పక్కనున్న లిలువాలో బయల్దేరేటప్పుడు కారుణ్య రెండో ఇడ్లీ ముట్టలేకపోయింది. అమ్మ తోడొస్తానంది. వద్దంది. బస్సులో మూడుసార్లు ప్రార్థన చేసుకుంది. న్యూ టౌన్‌లోని ఆసుపత్రి చేరగానే నేరుగా లోపలికి నడిచింది.

మందు ఎక్కించే గదిలో, కిటికీ పక్క కుర్చీలో సురేష్ బాబు కాగితం పొట్లంలోంచి మరమరాలు తింటున్నాడు. ఏక్‌బాల్‌పూర్‌లో ఓ గోదాముకి ముప్పైయేళ్లు గేటు కాపలా కాశాడు. ఇప్పుడు ఊపిరితిత్తిలో గడ్డ. ఈ గదికి రావడం తొమ్మిదోసారి.

కారుణ్య అతని పక్కనున్న స్టూలు అంచున కూర్చుంది. అమ్మతో ఆమె ఫోన్లో మాట్లాడింది విన్నట్టున్నాడు, తెలుగులోనే పలకరించాడు.

"ఏటమ్మా, మొదటిసారా?"

తలూపింది.

"మొదటిరోజు నేనూ ఇలాగే వణికిపోయాను. ఆ మందు సంగతేటో డాక్టరు దాదా చెప్పాక భయం పోయింది. నువ్వూ ఇను." పొట్లం ఆమె వైపు జరిపాడు. "మా గోదాముకి ఒకడు రోజూ వచ్చీవోడు. నవ్వుతా నా భుజం మీద చెయ్యేసి, 'మనోడినే దాదా' అనీవోడు. నేను తప్పుకునీవోణ్ణి. రెండేళ్లు టిఫిన్ డబ్బాలో రాగితీగ పట్టుకుపోయాడు."

"ఎవరూ పట్టుకోలేదా?"

"మనోడని వదిలేసాం కదా. ఈ గడ్డా అంతే. ఒంట్లో కావలి కణాలుంటాయి. సొంత కణాల జోలికి పోకుండా వాటికి 'ఆగు' అనే మీట ఒకటుంటాదట. గడ్డ ఆ మీటే నొక్కేస్తాది. పాపం, అవి మనోడే అనుకుని ఊరుకుంటాయి."

"మరి మందేం చేస్తుంది బాబాయ్?"

"మీట మీద మూత. ఇంక నొక్కడం కుదరదు. కావలోళ్లు కర్రలు తీస్తారు. నా గడ్డ నిమ్మకాయంత ఉండీది. మొన్న చూస్తే బఠాణీ గింజంత."

కారుణ్యకి నవ్వొచ్చింది. ఇదంతా పుస్తకాల్లో చదివిందే. ఇంత తేలిగ్గా మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

నర్సు మేరీరాణి సీసా, సూది ఉన్న ట్రే తెచ్చి బల్ల మీద పెట్టింది. కారుణ్య వేళ్ల వైపు చూసింది.

"ఇంకా వణుకుతుంటే చెప్పు. రేపు చూద్దాం."

"వద్దక్కా. ఇవాళే."

"కళ్లు మూసుకోకమ్మా," అన్నాడు సురేష్ బాబు. "చీమ కుట్టినట్టుంటాది, అంతే."

కారుణ్య ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని, చేతులకి తొడుగులు వేసుకుని, సురేష్ బాబు చాచిన ఎడమచేతిలో నరం వెతికి, నర్సుగా తన మొదటి సూది గుచ్చింది.