సగం మీసం కథ

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, చేతిలో పనేదైనా ఉంటే పక్కన పెట్టండి. ఇది చెవులతో కంటే కళ్లతో వినాల్సిన కథ.

బస్టాండు ఎదురుగా ఒక చిన్న కుట్టు దుకాణం. సంచులకు జిప్పులు వేయడం, చొక్కాలకు బొత్తాలు కుట్టడం, పొడుగైన ప్యాంట్లు మడిచి కుట్టడం అక్కడి పని.

మిషన్ దగ్గర తల్లి. పక్కనే స్టూలు మీద బొత్తాలు కుడుతూ ఆమె చెల్లెలు. బల్లకు ఆనుకుని పాత కుట్లు విప్పుతూ కూతురు.

కూతురికి పుట్టుకతోనే వినపడదు. యూనివర్సిటీలో చదువుతోంది. భూమి ఎందుకు కంపిస్తుందో తేల్చే చదువట. అందులో పై చదువుకు వేరే దేశంలో సీటు వచ్చింది. వస్తానో రానో ఆ సాయంత్రంలోగా చెప్పెయ్యాలి.

"మీ అమ్మ కోపం మీద పరిశోధన చెయ్యవే, ఇక్కడే పట్టా ఇచ్చేస్తారు," అంది పిన్ని చేతులతో.

తల్లికి నవ్వు రాలేదు. పొద్దున్నుంచీ తల్లీకూతుళ్లకు అదే గొడవ. గొడవంటే అరుపులు కావు, అంతా చేతులతోనే.

"అక్కడి చేతిభాష వేరటగా," అంది తల్లి. "నీ భాష పట్టుబడడానికి నాకే నీ చిన్నతనమంతా పట్టింది. ఇక్కడ నీ చేతులకు మాటలున్నాయి. అక్కడికి వెళితే అవీ మూగబోతాయి."

"నేర్చుకుంటానమ్మా."

"నేర్చుకునేలోపు జ్వరమొస్తే? దారి తప్పితే? ఎవరికి చెప్పుకుంటావు?"

కూతురు ఏదో చెప్పబోయింది. తల్లి గబుక్కున చేతులు మిషన్ మీద పెట్టేసి గుడ్డ లాగింది.

ఆ ఇంట్లో చేతులు పనిలో పెట్టేశారంటే మాట తెగ్గొట్టినట్టే లెక్క.

"పెళ్లయిన కొత్తలో నువ్వూ బావా సిగ్గుతో సైగలే చేసుకున్నారు కదక్కా," అంది చెల్లెలు. "ఏం, పస్తులున్నారా?"

"నోర్ముయ్యవే."

అప్పుడే ఎవరో బల్ల మీద తట్టారు. చెక్క అదిరి కూతురు తలెత్తింది.

నడివయసు మనిషి. నలిగిన చొక్కా, భుజాన పెద్ద సంచీ. జిప్పు తెగి బట్టలు బయటికి తొంగి చూస్తున్నాయి.

"ఎప్పటికి కావాలండీ?" అడిగింది తల్లి.

ఆయన చెవి చూపించి తల అడ్డంగా ఊపాడు. ఎదుటి బస్సును చూపించి, త్వరగా అన్నట్టు వేళ్లు ఆడించాడు.

కూతురి ముఖం వెలిగిపోయింది.

తల్లి సంచీ అందుకుని మిషన్ వైపు తిరిగింది. తెగిన జిప్పు ఊడదీసి, కొత్తది ఒకవైపు కుట్టి తలెత్తేసరికి కూతురూ ఆయనా చేతులతో కబుర్లలో మునిగిపోయి ఉన్నారు. సైగల్లో సగం ఆమెకు తెలియనివే. కుర్రకారు రోజుకో కొత్త సైగ పుట్టిస్తారు, మనకెక్కడ తెలుస్తాయిలే అనుకుంది.

తనకెప్పుడో జరిగిన ముచ్చట ఆడి చూపిస్తూ, ఆయన సెలూన్ కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. మీసం కాస్త, ఇంత కాస్త, కత్తిరించమన్నట్టు చూపించాడు. సెలూనువాడూ తనే అయి మహా తెలివిగా తల ఊపాడు. సర్రున సగం మీసం తీసేశాడు! అద్దంలో చూసుకుని ఆయన పెట్టిన ముఖానికి కూతురు కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పిన్ని చేతిలో బొత్తాలు దొర్లిపోయాయి.

మరి మిగతా సగం? అని సైగ చేసింది కూతురు.

దాంతోనే ఊరంతా తిరిగానన్నాడు ఆయన, ఒక చేత్తో మూతి కప్పుకుని నడిచి చూపిస్తూ.

తల్లికీ నవ్వు తన్నుకొచ్చింది. పెదాల మధ్య గుండుసూదులు బిగించి ఆపుకుంది. అప్పటికే ఆమెకు అనుమానం పట్టుకుంది మరి.

"చూశావా," అని సూదుల సందులోంచి చెల్లెలితో గొణిగింది. "నన్ను మెత్తబరచడానికి ఇది వాళ్ల చేతిభాష మాస్టారిని పిలిపించింది. ఆ జిప్పు కూడా కావాలనే తెంపుకొచ్చుంటాడు."

"నీకెంత భయపడ్డాడో పాపం, సంచీ చింపుకుని మరీ వచ్చాడు!"

సంచీ తయారైంది. ఆయన జిప్పు అటూ ఇటూ లాగి చూసుకుని మురిసిపోయాడు. కూతురిని చూపించాడు, తల్లిని చూపించాడు, చేతులు పైకెత్తి ఏదో చెప్పబోయాడు.

తల్లి చేతులు మిషన్ మీద పెట్టేసింది. చూపు కూడా గుడ్డ మీదే.

ఆయన చేతులు గాలిలో ఆగిపోయాయి. గుండె మీద చెయ్యి వేసుకుని, తల వంచి, బస్సు వైపు నడిచాడు.

"అదేం మర్యాదక్కా?" అంది చెల్లెలు.

తల్లి వినిపించుకోలేదు. కూతురి భుజం తట్టింది.

"ఎవరే ఆయన? మీ మాస్టారేగా? నిజం చెప్పు."

కూతురు తెల్లబోయి చూసింది. తర్వాత చేతులతో నాలుగు ముక్కలు చెప్పింది.

తల్లి నోట్లోని సూదులు జారిపోయాయి. చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.

బస్సు మలుపు తిరుగుతోంది. "ఏమండీ" అని పిలవబోయి, పిలిచి లాభం లేదని గుర్తొచ్చి, రెండు చేతులూ ఎత్తి ఊపింది. వెనక కిటికీలో ఎవరూ ఇటు చూడలేదు. ఆయన తనకేం చెప్పాలనుకున్నాడో ఇక తెలిసే దారి లేదు.

నెమ్మదిగా తిరిగొచ్చి కూతురి ఎదురుగా కూర్చుంది.

"అక్కడ చలెక్కువటగా," అంది చేతులతో. "స్వెట్టర్లు ఎన్ని కావాలి?"

కూతురు లేచి ఆమె మెడ చుట్టేసింది. పిన్ని దొర్లిన బొత్తాలు ఏరే నెపంతో బల్ల కింద దూరి ముక్కు తుడుచుకుంది.

ఇంతకీ కూతురు చెప్పిన ఆ నాలుగు ముక్కలూ ఏమిటంటారా? గుర్తుపెట్టుకుని, బిడ్డను పంపడానికి గుండె చాలని తల్లి ఎవరైనా మీకు ఎదురైతే ఉన్నవున్నట్టు చెప్పండి: "మా మాస్టారు కాదమ్మా, ఆయనది మన దేశమే కాదు, ఈ పొద్దున్నే దిగాడు, మన చేతిభాష ఆయనకు అస్సలు రాదు."