తునికి చెట్టు ఇచ్చిన దారిబత్తెం

ఇది వైశాఖ శుద్ధ తదియ, శుక్రవారం, సరిగ్గా దీపాలు పెట్టే వేళ జరిగింది.

కొండ కింద మిగిలిన చిన్న అడవిముక్కలో ఒక తునికి చెట్టు ఉండేది. దానికీ ఏటికవతలి కొండకీ నడుమ అడవి కొట్టి మనుషులు జామాయిల్ తోట వేశారు. అప్పట్నుంచి ఎలుగుల కుటుంబం పళ్లు తిని, చెట్టు కిందే పడుకుని, గింజలన్నీ అక్కడే విసర్జించేది. మొలిచిన మొక్కలు తల్లి నీడలోనే వాడిపోయేవి.

ఆ సాయంత్రం గాలి లేకుండానే చెట్టు ఊగి, కింద పడుకున్న అత్త ఎలుగును పిలిచింది.

"ముసలమ్మా, నా పిల్లలు నా కాళ్ల దగ్గరే పోతున్నారు. నేను పడిపోతే ఇక్కడ తునికి అనేదే ఉండదు. మీ పెద్దలు నా పళ్లు తిని, ఏరు దాటాక గింజలు వదిలేవాళ్లు. నేనిచ్చేది దారిబత్తెమమ్మా!"

కోడలు ఎలుగు మూతి తుడుచుకుంది. "ఆ తోటలో నీడా లేదు, చీమల పుట్టా లేదు. కుక్కలు తరిమితే నువ్వొచ్చి అడ్డుపడతావా, తునికమ్మా?"

అత్త ఎలుగు మాత్రం, "తిన్న నోటితో కాదని ఎట్లా అంటామే?" అని గొణుగుతూ రాత్రంతా దొర్లుతూనే ఉంది.

మర్నాడు తెల్లవారకముందే అత్త అందరికీ కడుపునిండా తినిపించి, దేవుడి మీద భారం వేసి తోటలోకి నడిపించింది. పిల్లను వీపున మోస్తున్న కోడలు సగం దారిలో కడుపు పట్టుకుని ఆగిపోయింది.

"అత్తమ్మా, ఇక నావల్ల కాదు. ఇక్కడే కూర్చుంటాను."

"ఓర్చుకోవే! ఆ తల్లి బిడ్డల్ని జామాయిల్ పాలు చేస్తావా? ఏరు దాటాక నీ ఇష్టం."

ఏరు దాటి మొదటి పొద దొరికేదాకా కోడలు బిగబట్టుకుని నడిచి, దాని చాటున కూర్చుంది.